అరగకూడని జింకు

మా శాఖలో మనుషులు పోతారు, ఫైళ్లు పోతాయి, వాన పడితే కరెంటు పోతుంది. ప్రభుత్వ ఆస్తి మాత్రం పోదు. పోయిందని ఎవరైనా అంటే ఆ అన్నవాడి ఇంక్రిమెంటు పోతుంది. ఈ సంగతి ఇన్నేళ్లుగా తెలియని అమాయకులు మా ఊళ్లో ఇద్దరే ఉన్నారు. ఒకటి సముద్రం, రెండోది ఇనుము. వాటికి సర్వీసు రూల్సు ఎవరూ చదివి వినిపించలేదు.

మాది రాచపాలెం రేవులోని తీర రవాణా శాఖ కార్యాలయం. అందులో నేను సూపరింటెండెంటుని. నాకు పైన డైరెక్టరు తాడికొండ విశ్వమోహన్ గారు, కింద గుమాస్తాలు, వాళ్ల కింద అటెండర్లు, అందరికీ కింద, నీళ్ల మీద, ఒకే ఒక్క లాంచీ. పేరు గంగాభవాని. ఒక్క లాంచీకి ఇంత పటాలం దేనికయ్యా అని అడక్కండి. లాంచీని సరంగు సూరన్న నడుపుతాడు. మేము శాఖను నడుపుతాం.

గంగాభవాని రోజూ గవ్వలంకకు వెళ్లి వస్తుంది. సముద్రపు పాయకు అవతల ఉన్న ఊరది. బడి ఉంది, గుడి ఉంది, చర్చి ఉంది, సెల్ టవరు కూడా ఉంది. ఆస్పత్రి లేదు. ఆ లేని ఆస్పత్రి వల్లే నాకు పెమ్మాడి నూకరత్నం తెలిసింది. ఆవిడ భర్త తాతబ్బాయికి రెండు మూత్రపిండాలూ పనిచేయడం మానేశాయి. మంగళవారం, శుక్రవారం పట్నం ఆస్పత్రిలో మిషను మీద పడుకోబెట్టి రక్తం శుభ్రం చేయించాలి. వేళకు వెళ్లకపోతే ఆ మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు. రెండుసార్లు తప్పితే మనిషికి ఊపిరి అందదు. మిగతా రోజుల్లో నూకరత్నం ఎండుచేపల బుట్టతో పట్నం వచ్చి, తిరుగు లాంచీ కోసం మా ఆఫీసులో నా బల్ల పక్కన, ఫ్యాను గాలి తగిలే చోటు చూసుకుని కూర్చునేది. వచ్చినప్పుడల్లా ఒకటే ప్రశ్న. లాంచీ బాగుందా అని. వియ్యపురాలి ఆరోగ్యం కనుక్కున్నంత శ్రద్ధగా కనుక్కునేది. బాగుందమ్మా అంటే కొంగుతో మొహం తుడుచుకునేది.

లాంచీ బాగుండడం అన్నది దానంతటది జరిగేది కాదు. ఏటా వానలకు ముందు దాన్ని ఒడ్డుకు లాగించి, అడుగంతా గీకించి, ఎర్రరంగు వేయించి, కొత్త జింకు దిమ్మలు బిగించి మళ్లీ నీళ్లలోకి దించేవారు మా ఇంజనీరు దంతులూరి నరసరాజు గారు. ఆయన పన్నెత్తి ఎవరినీ ఏమీ అనేవారు కాదు. రిటైరయ్యేలోపు ఒక్క ఉత్తర్వు కూడా తన పేరు మీద రాకుండా ఉంటే చాలనుకునే మనిషి. అలాంటి మనిషికే వచ్చింది.

ఆ ఏడు లాంచీ ఒడ్డు మీద ఉన్న వారంలోనే ఆడిట్ అధికారి గుండిమెడ అనంతశయనం గారు వచ్చారు. ఆడిట్టు వాళ్లు మామూలుగా ఆఫీసు దాటి కదలరు. ఈయన మధ్యాహ్నం పీతల కూర భుక్తాయాసం తీరడానికి రేవు దాకా నడిచారు. ఒడ్డెక్కిన లాంచీని చూశారు. దాని అడుగున వరసగా బిగించి ఉన్న జింకు దిమ్మల్ని చూశారు. దిమ్మలు గుంటలు పడి, ఎలకలు కొరికిన సబ్బుముక్కల్లా ఉన్నాయి.

"కొన్నప్పుడు ఇవి నిండుగా ఉన్నట్టు రికార్డు చెబుతోంది. ఇప్పుడు సగమే ఉన్నాయి. మిగతా సగం ఏ అధికారి ఆధీనంలో ఉన్నట్టు?" అన్నారు.

"సముద్రం ఆధీనంలో ఉందండి," అన్నారు నరసరాజు గారు.

అక్కడితో నోరు మూసుకుని ఉంటే బాగుండేది. ఆడిట్ వారి ముందు విషయం వివరించడమంత తెలివితక్కువ పని ఇంకొకటి లేదు. ఆయన వివరించారు. ఉప్పునీళ్లు ఇనుమును చూస్తే ఊరుకోవట. నీటిగీత పైన ఉన్న భాగానికి గాలీ ఎండా తప్ప శత్రువు లేదు. కింద భాగం రేయింబవళ్లు ఉప్పులో నానుతూ ఉంటుంది. ఆ ఇనుముకు జింకు తగిలించి పెడితే, ఉప్పునీళ్లు ముందు జింకును తింటాయి. అది ఉన్నంతకాలం ఇనుము జోలికి రావు. ఇనుము బతకాలంటే జింకు చావాలి.

"మీ ఇంటి గుమ్మానికి దిష్టి గుమ్మడికాయ కడతారు గదండి. అది కుళ్లిపోయిందంటే ఇంటి దిష్టి అది తీసుకున్నట్టే కదా. ఇదీ అంతే," అన్నారు.

"మా ఇంటి గుమ్మడికాయ నా సొంత సొమ్ము. అది కుళ్లితే నన్నడిగేవాడు లేడు. ఇది ప్రభుత్వ గుమ్మడికాయ," అన్నారు అనంతశయనం గారు.

అక్కడితోనైనా ఆగవచ్చు. రాజుగారు ఎర్రరంగు గురించి కూడా చెప్పారు. లాంచీ అడుగున గుల్లలు పడతాయి. పాచి, నత్తలు, ఆల్చిప్పలు, రాతిలాగా గట్టిపడే గుల్లలు. ఒకటి అంటుకుంటే దాని మీద పది. అవి పట్టాయంటే లాంచీ బరువెక్కి, నీళ్లను కోయలేక, ఎడ్లు లేని బండిలా ఈడ్చుకుంటూ పోతుంది. అందుకే రాగి కలిసిన ఎర్రరంగు వేస్తారు. గుల్ల పిల్లలకు రాగి గిట్టదు. పైగా ఆ రంగు పొరపొరగా తనంతట తాను కరిగిపోతూ ఉంటుంది. పట్టు దొరికిందనుకున్న గుల్ల ఆ పొరతో సహా జారిపోతుంది. అందుకే ఏటేటా కొత్తగా వేయాలి.

"అంటే రంగు కూడా తక్కువ పడిందన్నమాట," అని అనంతశయనం గారు రెండో అభ్యంతరం రాసుకున్నారు.

వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది. తగ్గిన జింకును, కరిగిన రంగును సంబంధిత ఇంజనీరు పింఛను నుంచి రాబట్టాలని. సముద్రం తిన్నదనే వాదనకు సముద్రం వైపు నుంచి ఎలాంటి ధ్రువీకరణా లేదని. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, ఇన్నేళ్లుగా ఏటేటా ఇలాగే జింకు మాయమవుతూ వచ్చిందని రాజుగారే చెప్పారు కాబట్టి ఆ పాత జింకు లెక్క కూడా తేల్చాలని.

మా డైరెక్టరు విశ్వమోహన్ గారు ఊరికే బెదిరే మనిషి కాదు. అభ్యంతరం వస్తే దాన్ని అవకాశంగా మార్చుకుంటారని ఆయనకు పేరు. ఆ పేరు ఆయనే పెట్టుకున్నారు. వెంటనే సమావేశం పెట్టి, ముందు జీడిపప్పు, తర్వాత ప్రసంగం పంచారు. ఒక సంస్థ పరిణతిని అది ఏం సంపాదించిందన్న దాన్ని బట్టి కాక ఏం పోగొట్టుకోలేదన్న దాన్ని బట్టి కొలవాలన్నారు. వినియోగం వేరు, క్షయం వేరు, ఈ రెంటి మధ్య గీత గీయడంలో గత పాలకులు విఫలమయ్యారన్నారు. సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. దాన్ని టైపు చేయించింది నేనే కాబట్టి మాట పొల్లు పోకుండా చెప్పగలను. "శాఖకు చెందిన ఏ ఆస్తియు వినియోగ కారణమున తరుగుట, అరుగుట, కరుగుట ఇకమీదట అనుమతించబడదు."

మా ఆఫీసు క్రమశిక్షణ గల ఆఫీసు. మర్నాటికల్లా అమల్లోకి వచ్చింది. గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టా చుట్టి బీరువాలో పెట్టారు. సబ్బుకు కాగితం విప్పడం మానేశారు. చేతులు కడుక్కునేవాళ్లు నీళ్లతో కడుక్కుని సబ్బును దర్శించుకుని వెళ్లేవారు. కరెంటు పోయినప్పుడు అటెండరు కొవ్వొత్తి తెచ్చి బల్ల మీద నిలబెట్టేవాడు, వెలిగించేవాడు కాదు. తాళాలు మాటిమాటికీ తిప్పితే అరుగుతాయని సొరుగులకు తాళం వేయడం కూడా మానేశాం. లాంచీలో చేరిన నీళ్లు తోడే పంపుకు వాషర్లు అరుగుతాయని పంపునే విప్పి స్టోర్లో పెట్టారు.

ఇక లాంచీ సంగతి. దానికి డైరెక్టరు గారు ప్రత్యేకంగా ఒక పథకం వేశారు. పేరు 'రక్షకునికి రక్షణ'. ఇనుమును జింకు కాపాడుతోంది, సరే, మరి జింకును ఎవరు కాపాడుతున్నారు? ఈ ప్రశ్న ఇంతవరకు ఎవరికీ తట్టకపోవడం తనను కలచివేసిందన్నారు. కొత్త దిమ్మలు తెప్పించారు. ఒక్కొక్కదానికి మూడు పూతలు మేలురకం ఎనామిల్ వేయించారు. దాని మీద రబ్బరు తొడుగు. తొడుగు మీద నంబరు, 'ప్రభుత్వ ఆస్తి' అన్న అక్షరాలు. బిగించే ముందు పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టారు. ఇంకొక జత దిమ్మలు కొని స్టోర్లో పెట్టించారు, ముందుజాగ్రత్తకు. స్టోరు తాళం చెవి నాకిచ్చారు. కరిగిపోయే ఎర్రరంగు స్థానంలో మేడ గోడలకు వేసే ఆకాశనీలం రంగు వేయించారు. ఎండకూ వానకూ ఏడేళ్లు చెక్కుచెదరదని డబ్బా మీద రాసి ఉంది. సముద్రం సంగతి డబ్బా మీద రాసి లేదు.

నరసరాజు గారు ఒప్పుకోలేదు. ఆ మాటకొస్తే జీవితంలో ఆయన గట్టిగా మాట్లాడింది ఆ ఒక్కరోజే. నీళ్లు తగలని జింకు ఉన్నా లేనట్టేనన్నారు. దిష్టి గుమ్మడికాయను బీరువాలో పెట్టి తాళం వేసినట్టుంటుందన్నారు. డైరెక్టరు గారు చిరునవ్వుతో విన్నారు. 'ఇంజనీరు వారి భావోద్వేగం నమోదు చేయబడినది' అని మినిట్సులో రాయించారు.

పోనీ నెలకోసారైనా మనిషిని ముంచి అడుగు ఎలా ఉందో చూపించండి, ఎక్కడైనా తుప్పు పట్టిందేమో రాసిపెట్టుకుందాం అని అడిగారు రాజుగారు. అది ఇంకా పెద్ద ప్రమాదం. చూస్తే రాయాలి, రాస్తే ఆడిట్టు చదువుతుంది. డైరెక్టరు గారు రెండు రోజులు ఆలోచించి మరో ఉత్తర్వు ఇచ్చారు. దీన్నీ నేనే టైపు చేయించాను. "నీటిగీతకు దిగువన గల భాగము దృగ్గోచరము కానందున, అచ్చట ఏదేని ఉన్నదనిగాని, లేదనిగాని, ఏ అధికారియు ధ్రువీకరించరాదు." ఆ వాక్యం అప్పుడు నాకు చాలా నచ్చింది. ఇప్పుడూ నచ్చుతుంది.

గంగాభవాని ఆకాశనీలం కట్టుకుని నీళ్లలోకి దిగింది. రేవులో జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నీటిగీత పైభాగానికి.

మొదటి వానాకాలానికే గోడరంగు పెచ్చులూడింది. ఆ సంగతి మాకు అధికారికంగా తెలియదు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన నీలం పెచ్చులతో పిల్లలు ఆడుకునేవారు. తర్వాత లాంచీ నెమ్మదించింది. అరగంటలో దాటే పాయ గంట పట్టింది. ఇంజను రొప్పుతోంది, డీజిలు తాగుతోంది, లాంచీ మాత్రం కదలనంటోంది అని సరంగు సూరన్న మొత్తుకున్నాడు. అడుగున చెయ్యి పెడితే గుల్లలు గీరుకుని రక్తం వస్తోందని చెయ్యి చూపించాడు. గాయం నీటిగీతకు దిగువన తగిలింది కనుక దాన్ని ధ్రువీకరించలేమని చెప్పాల్సి వచ్చింది. డైరెక్టరు గారు మాత్రం ప్రజల ఇబ్బంది గుర్తించకుండా ఉండలేదు. టైం టేబులు మార్చి, గంట ప్రయాణాన్నే అసలు ప్రయాణంగా ప్రకటించి, సముద్ర సౌందర్యాన్ని తనివితీరా చూసే అవకాశం ఇకనుంచి అదనపు రుసుము లేకుండా దొరుకుతుందన్నారు.

తాతబ్బాయికి సముద్ర సౌందర్యం చూసే ఓపిక లేదు. ఒక శుక్రవారం ఆస్పత్రికి చేరేసరికి మంచం ఇంకొకరికి ఇచ్చేశారు. సాయంత్రం దాకా వరండాలో పడుకోబెట్టి, ఎవరో రాకపోతే ఆ వంతులో ఎక్కించారట. అప్పటికే పాదాలు నీరు పట్టి బూరెల్లా ఉబ్బాయి. నూకరత్నం నా బల్ల దగ్గరకొచ్చి ఈసారి లాంచీ బాగుందా అని అడగలేదు. "లాంచీకి ఏటయిందండి?" అంది.

ఏమీ కాలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఏమయిందో చెప్పడానికి ఉత్తర్వు లేదు. ఫ్యాను వేగం పెంచాను.

రెండో వానాకాలం మధ్యలో శుభవార్త వచ్చింది. వరసగా రెండేళ్లు ఎలాంటి తరుగూ నమోదు కాని ఏకైక శాఖగా మాకు రాజధాని నుంచి షీల్డు వచ్చింది. నమోదు చేసే అధికారం ఎవరికీ లేదన్న విషయం షీల్డు మీద చెక్కడానికి చోటు చాలలేదనుకుంటాను. ఒక శుక్రవారం మధ్యాహ్నం రేవులోనే సభ పెట్టారు. షామియానా, మైకు, పూలదండలు. గంగాభవానికి బంతిపూలు చుట్టి, వెనక వేదికలాగా కనబడేలా రేవుకు కట్టారు. సభ అయ్యేదాకా ప్రయాణాలు లేవు. ఆస్పత్రి నుంచి వచ్చిన తాతబ్బాయి రేవు మెట్ల మీద, నూకరత్నం భుజానికి తల ఆనించుకుని కూర్చున్నాడు.

డైరెక్టరు గారు మాట్లాడుతుండగా సూరన్న నా వెనకాలకు వచ్చి, ఇంజను గదిలో మోకాలి లోతు నీళ్లున్నాయని చెవిలో చెప్పాడు. పంపు అడిగాడు. స్టోర్లోంచి పంపు తీయాలంటే డైరెక్టరు గారి సంతకం కావాలి. డైరెక్టరు గారు వేదిక మీద ఉన్నారు. చీటీ రాసి పంపాను. ఆయన చదివి, తల పంకించి, జేబులో పెట్టుకుని, ప్రసంగం కొనసాగించారు. అభినందన అనుకున్నారేమో తెలియదు. నేను లాంచీలో ఉన్న ఇద్దరు కూలీలనూ దింపించాను. అంతవరకు నా పరిధిలో ఉంది.

గంగాభవాని మునగడానికి తొందర పడలేదు. ముందు కొంచెం వాలింది. సభలో వాళ్లకు అది వంగి నమస్కరించినట్టు కనబడిందేమో, కొందరు చప్పట్లు కొట్టారు. తర్వాత నీటిగీత పైకి పాకుతూ వచ్చి, కిటికీలు దాటి, బంతిపూల దండను తేల్చింది. "శాశ్వతత్వమే మన లక్ష్యం" అన్న మాట దగ్గర డైరెక్టరు గారు వెనక్కి తిరిగి చూశారు. అప్పటికి పొగగొట్టమూ జెండా కర్రా మిగిలాయి. రేవు దగ్గర లోతు తక్కువ కనుక అవి అలాగే నిలబడ్డాయి.

జనం అరిచారు, మైకు అరిచింది. నూకరత్నం అరవలేదు. నా దగ్గరకు వచ్చింది.

"ఈయాల ఇంటికెల్లకపోతే మానె, ఇక్కడే ఏ అరుగు మీదో పడుకుంటాం. మంగలారం సంగతేటండి? ఇక మీదట మంగలారం ఈయన్నెలా తేవాలి?" అంది.

సిగ్గుతో తల వంచుకున్నానంటే అతిశయోక్తి కాదు.

ఆ రాత్రికి వాళ్లిద్దరినీ ఒక జాలరి తన తెప్ప మీద గవ్వలంక చేర్చాడు. మంగళవారం నూకరత్నం అన్నదమ్ములు తాతబ్బాయిని అదే తెప్ప మీద, ప్లాస్టిక్ పట్టా కప్పి, కెరటాల మీదుగా తీసుకొచ్చారు. నిలువునా తడిసి, పెదాలు నల్లబడి, వణుకుతూ వచ్చాడు. ఆస్పత్రి వాళ్లు ముందు ఒళ్లు తుడిచి, తర్వాత మిషను మీద పెట్టారు. ఇలా ఎన్నాళ్లు తెస్తారని డాక్టరమ్మ అడిగిందట. అడిగినవాళ్లంతా నూకరత్నాన్నే అడిగేవారు.

ఇక్కడ మా శాఖలో విచారణ జరిగింది. గజ ఈతగాళ్లను దింపి ముందుగా జింకు దిమ్మల్ని పైకి తీయించారు. అన్నీ దొరికాయి. రబ్బరు తొడుగు విప్పితే లోపల ఎనామిల్ మీద గీత లేదు. తూచారు. కొన్ననాటి బరువుకు వీసమెత్తు తేడా లేదు. వాటి చుట్టూ ఉన్న ఇనుము జల్లెడ అయి ఉందని ఈతగాళ్లు అన్నారు గాని, వాళ్లను పిలిపించింది జింకు గురించి. అనంతశయనం గారు స్వయంగా వచ్చి దిమ్మల్ని చేత్తో నిమిరి, తన ఉద్యోగ జీవితంలో ఇంత నిండైన ఆస్తిని చూడలేదన్నారు. కళ్లజోడు తుడుచుకున్నారు కూడా. అభ్యంతరాలు రద్దయ్యాయి. లాంచీ మాటేమిటంటే, పుస్తకాల్లో దాని విలువ ఏటేటా తగ్గుతూ వచ్చి చివరికి ఒక్క రూపాయి దగ్గర ఆగి ఉంది. కాగితం మీద అరగడానికి ఉత్తర్వు అడ్డు రాదట. ఆ రూపాయి డైరెక్టరు గారు తన జేబులోంచి చెల్లించి రసీదు తీసుకున్నారు. శాఖకు నష్టం శూన్యం.

ఇందులో ఒక మంచి కూడా జరిగింది, దాచడం ఎందుకు. ఈలోగా రిటైరైన నరసరాజు గారి పింఛను మీద పెట్టిన మెలిక వీడిపోయింది. లాంచీ మునిగినందువల్ల పింఛను తేలిన ఇంజనీరు లోకంలో ఆయన ఒక్కరే అయి ఉంటారు. ఆయన ఆ కాగితం తీసుకుని, నాకు నమస్కారం పెట్టి, డైరెక్టరు గారి గది వైపు చూడకుండా వెళ్లిపోయారు.

దిమ్మల్ని ఆఫీసు హాల్లో గాజుపెట్టెలో పెట్టారు. లోపల దీపం, కింద ఎర్ర మఖమలు. గాజుపెట్టె తాళం చెవి కూడా నాకే ఇచ్చారు, స్టోరు తాళం చెవితో కలిపి అదే గుత్తికి వేసి నా సొరుగులో పడేశాను.

కొత్త లాంచీ కోసం గవ్వలంక వాళ్లు వచ్చారు, నూకరత్నం ముందుండి. డైరెక్టరు గారు కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించి ఓపిగ్గా చెప్పారు. కొత్త లాంచీ మంజూరు కావాలంటే పాతదానివల్ల నష్టం జరిగినట్టు చూపాలి. నష్టం ఏమీ జరగలేదని ఆడిట్టు వారే రాసిచ్చారు. జరగని నష్టాన్ని జరిగిందని తాను రాస్తే అది అబద్ధం అవుతుంది. ప్రజల కోసం ప్రాణమైనా ఇస్తాను గాని అబద్ధం మాత్రం రాయలేనన్నారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టు, లంకలో ఎండురొయ్యలు చవగ్గా దొరుకుతాయటగా అని కూడా అడిగారు.

వెళ్లేటప్పుడు నూకరత్నం గాజుపెట్టె ముందు చాలాసేపు నిలబడింది. "బాగున్నాయండి. నిగనిగలాడతన్నాయి," అంది. తర్వాత నా బల్ల పక్కన, ఎప్పుడూ కూర్చునే చోట, కాసేపు కూర్చుని వెళ్లింది. నాకు అప్పుడే డైరెక్టరు గారి గదిలోంచి పిలుపు వచ్చింది. లేచి వెళ్లాను, అక్కడ చాలాసేపు పట్టింది.

కొన్నాళ్లకు గవ్వలంక వాళ్లు ఇంటింటికీ చందా వేసుకుని, మూతపడిన రొయ్యల కంపెనీ వాళ్ల పాత ఇనుప పడవ కొన్నారని తెలిసింది. దానికి అడుగంతా గీకించి, ఎర్రరంగు వేయించింది నరసరాజు గారేనని కూడా తెలిసింది. ఇంట్లో కూర్చుంటే తుప్పు పడతానని వెళ్లాడట పెద్దమనిషి.

ఒక సోమవారం ఉదయం వచ్చి చూస్తే గాజుపెట్టె ఖాళీగా ఉంది. అద్దం పగల్లేదు, తాళం విరగలేదు. దీపం వెలుగుతోంది. ఎర్ర మఖమలు మీద దిమ్మలున్న చోట గుంటలున్నాయి. డైరెక్టరు గారికి గుండె పట్టేసినంత పనయింది. లాంచీ మునిగినప్పుడు కూడా ఆయన్ని నేనలా చూడలేదు. వెంటనే విచారణాధికారిగా నన్ను నియమించి, అనుమానం గవ్వలంక మీద ఉంది కనుక తక్షణం వెళ్లి సోదా చేయమన్నారు. ఆ తక్షణానికి నంబరు వేసి, సంతకం పడి, ఉత్తర్వు నా చేతికి వచ్చేసరికి నెల దాటి, ఒక మంగళవారం అయింది.

గవ్వలంక వెళ్లాలంటే ఇప్పుడున్నది ఒక్కటే దారి. ఆ ఇనుప పడవే. ఎక్కాను. ఇంజను దగ్గర నరసరాజు గారు చేతులకు గ్రీజుతో, ఎన్నడూ లేనంత ఆరోగ్యంగా ఉన్నారు. నూకరత్నం టిక్కెట్టు డబ్బులు వసూలు చేస్తోంది. బల్ల మీద తాతబ్బాయి, ఆస్పత్రి నుంచి వస్తూ, చేతికి దూది పట్టీతో పడుకుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. మంచం వేళకు దొరికిందా అని అడిగాను. ఈమధ్య ఒక్కసారీ తప్పలేదన్నాడు. పాదాల వైపు చూశాను. చెప్పులు పట్టాయి. నిజం చెబుతున్నాను, నా ఇద్దరు కూతుళ్ల పెళ్లిళ్లప్పుడు కూడా నాకంత సంతోషం కలగలేదు.

పడవ చకచకా పాయ దాటుతోంది. విచారణాధికారిని కాబట్టి విచారించాలి. దిమ్మలెక్కడున్నాయో తెలుసా అని నూకరత్నాన్ని అడిగాను. ఆవిడ బొంకలేదు.

"మీ కాల్ల కిందే ఉన్నాయండి. ఆ మూడు పూతలూ గీకేసి మరీ బిగించారు రాజుగారు. మొన్న మా తమ్ముడు ములిగి సూసొచ్చాడు, అప్పుడే గుంటలడిపోతన్నాయంట. బాగా అరుగుతన్నాయి బాబూ," అంది. పెరుగు బాగా తోడుకుందని చెప్పినంత తృప్తిగా చెప్పింది.

నరసరాజు గారు ఇంజను వైపే చూస్తున్నారు. నేను పడవ అంచు మీదుగా వంగి చూశాను. ఎర్రటి గీత, దాని కింద ఆకుపచ్చటి నీళ్లు. ఇంకేమీ కనబడలేదు.

తిరిగొచ్చి నివేదిక రాశాను. ఇళ్లు సోదా చేశాననీ, బడిలో, గుడిలో, చర్చిలో లేవనీ, పడవ పైభాగంలో లేవనీ రాశాను. చివరి వాక్యం మాత్రం సొంతంగా రాయలేదు. డైరెక్టరు గారి ఉత్తర్వు నంబరు, తేదీ వేసి, వారి మాటల్లోనే ముగించాను. పడవకు నీటిగీత దిగువన గల భాగము దృగ్గోచరము కానందున, అచ్చట సదరు దిమ్మలు ఉన్నవనిగాని, లేవనిగాని ధ్రువీకరించుటకు నిబంధనలు అనుమతించవు. డైరెక్టరు గారు రెండుసార్లు చదివారు. తన వాక్యాన్ని తను కొట్టేయడానికి ఏ అధికారికీ చెయ్యి రాదు. 'ఆమోదించడమైనది' అని సంతకం చేశారు.

ఆ దిమ్మలు వచ్చే వానాకాలం దాకా వస్తాయని రాజుగారి అంచనా. తర్వాత కొత్తవి వేయాలి. మా స్టోర్లో ఇంకొక జత ఉంది. దాని తాళం చెవి నా సొరుగులోనే ఉంటుంది. సొరుగుకు తాళం వేయను. అరుగుదల ఉత్తర్వు ఇంకా అమల్లోనే ఉంది.